కదిలే రిసీవర్‌తో ఓడ జాడ: ఎంతవరకు సాధ్యం, తప్పు ఎక్కడ పుడుతుంది

కళింగపట్నం దగ్గరి ఊరివాడైన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాన్నగారు మరబోటు మీద వేటకు వెళతారు. తన చోటును తానే రేడియోలో చెప్పుకునే ఏఐఎస్ పరికరాన్ని ఆపేసిన ఓడనైనా, దారి తప్పిన బోటునైనా కేవలం దాని రేడియో సంకేతాన్ని బట్టి ఎక్కడుందో చెప్పవచ్చా, ఉపగ్రహాలు చేస్తున్నాయని చదివిన ఆ పనిని రెండు మోటారు సైకిళ్ళు, కంప్యూటరుకు తగిలించి వినే రెండు చవక ఎస్‌డీఆర్ రేడియో రిసీవర్లతో తీరం వెంట తిరుగుతూ తామూ చేయగలరా అని ఆయన సందేహం.

చేయగలరు. అయితే ఉపగ్రహం వాడే పద్ధతి మోటారు సైకిలుకు పనికిరాదు. ఎందుకు పనికిరాదో అర్థమైతే ఈ విద్య మొత్తం అర్థమైనట్టే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను 1980లలో సరకు ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేశాను. 1999 ఫిబ్రవరితో ఓడలలో మోర్సు సంకేతాలను వింటూ కూర్చునే కాపలా ముగిసిపోయాక ఒడ్డుకు వచ్చి, దిశ కనిపెట్టే యాంటెన్నాల పనిలో చాలా ఏళ్ళు గడిపి, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను.

మీ నాన్నగారికి తెలిసిన సంగతితోనే మొదలుపెడదాం. మన తీరంలో పాతకాలపు వేటగాళ్ళు సముద్రం మీద చోటును ఒడ్డున ఉన్న గురుతులతో పోల్చుకునేవారు. బారువ వైపు వాళ్ళకు మహేంద్రగిరి, ఇటు వాళ్ళకు దీపస్తంభం, ఏదో ఒక గుడి గోపురం, తాటితోపు. రెండు గురుతులు ఒకే వరసలోకి వస్తే తామొక గీత మీద ఉన్నట్టు, మరో రెండు కూడా వరసలోకి వస్తే ఆ రెండు గీతలు కలిసే చోట ఉన్నట్టు. ఒకే ఒక్క గురుతు కనిపించే రోజున నావికుడు దాని దిశ చూసుకొని, కొంత దూరం నడిచి, మళ్ళీ దిశ చూస్తాడు. ఎంత దూరం, ఏ వైపు నడిచాడో తెలుసు గనుక రెండు దిశల నుంచి తన చోటు తేలుతుంది. ఇప్పుడు దీన్ని తిరగవేయండి. గురుతు బదులు రేడియో మోగుతున్న ఓడను, నడుస్తున్న బోటు బదులు మీ రిసీవరును పెట్టండి. రిసీవరు ఒకటే అయినా, అది కదిలినందువల్ల రెండు చోట్ల నుంచి విన్న ఫలితం వస్తుంది. మిగిలిన పద్ధతులన్నీ ఈ మాటకు విస్తరణలే.

దిశ కొలవడం అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి. రాగి గొట్టంతో చేసిన చిన్న చట్రం యాంటెన్నాను నిలువుగా పట్టుకొని మెల్లగా తిప్పితే, చట్రం ముఖం ఓడ వైపు తిరిగిన క్షణంలో శబ్దం అడుగంటిపోతుంది. శబ్దం గరిష్ఠంగా వినిపించే దిశ మొద్దుగా, విశాలంగా ఉంటుంది. శబ్దం మాయమయ్యే దిశ సన్నగా ఉంటుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు దాన్నే పట్టుకుంటారు. చట్రానికి ముందు వెనుకల తేడా తెలియదు గాని, వెనుక వైపు నేల ఉంటుంది కనుక తీరం మీద నిలబడిన మనకు ఆ చిక్కు లేదు.

ఒక డిసెంబరు ఉదయం కళింగపట్నం దీపస్తంభానికి కొద్ది దూరంలో ఇలాంటి ప్రయత్నమే చేశాము. ముందుగా మాట్లాడుకున్న బోటువాళ్ళు ఒడ్డుకు 12 కిలోమీటర్ల దూరంలో లంగరు వేసుకొని, ప్రతి పది నిమిషాలకు ఒకసారి తమ వీహెచ్ఎఫ్ రేడియో సెట్టులో కొన్ని క్షణాలు మాట్లాడారు. వాళ్ళ జీపీఎస్ చూపిన చోటును కాగితం మీద రాసి ఉంచుకోమన్నాము. కారు పైకప్పు మీద బిగించిన చట్రంతో తీసిన దిశ ఆ చోటుకు 8 డిగ్రీలు పక్కకు పోయింది. చట్రాన్ని విప్పి, కారు నుంచి పదిహేను అడుగులు నడిచి, ఇసుకలో వెదురు గెడ పాతి దాని మీద నిలబెడితే అదే బోటు 2 డిగ్రీల లోపు వచ్చింది. కారు రేకు కూడా తరంగాన్ని పట్టుకొని తిరిగి వెదజల్లుతుంది కనుక చట్రానికి రెండు ఓడలు వినిపించినట్టు అవుతుంది. 12 కిలోమీటర్ల దగ్గర 8 డిగ్రీలంటే దాదాపు 1.7 కిలోమీటర్లు, 2 డిగ్రీలంటే 400 మీటర్ల పైచిలుకు. మోటారు సైకిలు ఇనుము కూడా ఇదే పని చేస్తుంది. కాబట్టి కొలిచేటప్పుడు దిగి, దూరంగా నడవండి.

కళింగపట్నం నుంచి భావనపాడు సూటిగా కొలిస్తే సుమారు 35 కిలోమీటర్లు. ఈ రెండు చోట్ల నుంచి తీసిన దిశలు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న ఓడ దగ్గర దాదాపు 60 డిగ్రీల కోణంలో కలుస్తాయి. అది మంచి కోణం. అదే ఓడను 5 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు చోట్ల నుంచి చూస్తే గీతలు దాదాపు సమాంతరంగా పోయి, ఒక డిగ్రీ తప్పుకే కలిసే చోటు కిలోమీటర్ల కొద్దీ ముందుకూ వెనక్కూ జారుతుంది. ఇంకొక చిక్కు ఉంది. కళింగపట్నం నుంచి భావనపాడుకు వంశధారను వంతెన మీదుగా దాటి చుట్టు తిరిగి వెళ్ళాలి కనుక గంటకు పైగా పడుతుంది. 10 నాట్ల వేగంతో పోయే ఓడ ఆ గంటలో 18 కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. ఒక్క మనిషి కదులుతూ కొలిచే పద్ధతి లంగరు వేసిన ఓడకు సరిపోతుంది. నడుస్తున్న ఓడకు ఇద్దరు మనుషులు, రెండు చివరల, ఒకే క్షణంలో కొలవాలి. మీ దగ్గర ఉన్న రెండు బండ్లకు ఇదే సరైన ఉపయోగం.

ఎంత దూరం వినిపిస్తుందన్నది కూడా ముందే లెక్క వేసుకోండి. వీహెచ్ఎఫ్ తరంగం భూమి వంపును పెద్దగా దాటదు. రెండు యాంటెన్నాల ఎత్తులను మీటర్లలో తీసుకొని, వాటి వర్గమూలాలను కూడి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. మీ యాంటెన్నా 4 మీటర్లు, పెద్ద ఓడది 25 మీటర్లు అయితే అది 29 కిలోమీటర్లు. అవతల ఉన్నది 4 మీటర్ల గెడ ఉన్న చిన్న బోటు అయితే 16 కిలోమీటర్లే. సముద్రం మీది తేమ పొరల వల్ల కొన్ని రోజుల్లో ఇంతకు ఎన్నో రెట్ల దూరం నుంచి సంకేతాలు వస్తాయి గాని, దాన్ని నమ్ముకొని ప్రయోగం పెట్టుకోకూడదు. ఇక 550 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి చుట్టూ 2,500 కిలోమీటర్ల మేర సముద్రం కనిపిస్తుంది.

ఉపగ్రహాలు ప్రధానంగా నమ్ముకునేది డాప్లర్ మార్పును. రైలు కూత దగ్గరకు వస్తున్నప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడం అందరం విన్నదే. రేడియోలోనూ అంతే. మీరు ఓడ వైపు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే 156.8 మెగాహెర్ట్జ్ సంకేతం 9 హెర్ట్జ్‌ల కన్నా తక్కువ పెరుగుతుంది. సెకనుకు 7.6 కిలోమీటర్లు పోయే ఉపగ్రహానికి ఏఐఎస్ సంకేతంలో ఆ మార్పు 4 కిలోహెర్ట్జ్‌లకు దగ్గర దాకా ఉంటుంది. ఓడ తన సెట్టు నుంచి సరిగ్గా ఏ ఫ్రీక్వెన్సీలో పంపుతున్నదో మనకు తెలియదు, దానిలో వందల హెర్ట్జ్‌ల తేడా మామూలే. అయినా ఉపగ్రహానికి అది అడ్డు కాదు. ఉపగ్రహం ఓడను దాటిపోయేంతసేపూ గీసిన డాప్లర్ గీత నిట్టనిలువుగా పడే క్షణమే ఓడకు అతి దగ్గరగా వచ్చిన క్షణం. ఆ క్షణంలో కనిపించే ఫ్రీక్వెన్సీయే ఓడ అసలు ఫ్రీక్వెన్సీ. ఆ పడిపోవడం ఎంత వేగంగా జరిగిందన్నది దారి నుంచి ఓడ ఎంత పక్కకు ఉన్నదో చెబుతుంది. దగ్గర ఉంటే చటుక్కున పడుతుంది, దూరంగా ఉంటే మెల్లగా వాలుతుంది.

ఉపగ్రహం విషయంలో, వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్న 406 మెగాహెర్ట్జ్ బీకన్‌కు, అంటే ఆపదలో మోగే పరికరానికి, ఆ వాలు సెకనుకు అరవై డెబ్బై హెర్ట్జ్‌లు ఉంటుంది. మోటారు సైకిలు మీద, 10 కిలోమీటర్ల దూరాన ఉన్న బోటుకు సెకనుకు ఒక హెర్ట్జ్‌లో వందో వంతు కన్నా కొంచెం ఎక్కువ. చవక రిసీవరులో ఫ్రీక్వెన్సీని నిలిపి ఉంచే స్ఫటికం మధ్యాహ్నపు ఎండకు వేడెక్కితే దాని ఫ్రీక్వెన్సీ అంతకన్నా ఎక్కువే జారుతుంది. ఒకవేళ ఎంతో ఖర్చు పెట్టి స్థిరమైన గడియారం తెచ్చినా అవతల ఓడ కదులుతూనే ఉంటుంది. సెకనుకు 5 మీటర్లు పోయే ఓడ ఉపగ్రహం వేగం ముందు లెక్కలోకి రాదు గాని, సెకనుకు 17 మీటర్లు పోయే మీ బండి ముందు అది మూడో వంతు. మార్పులో మీ కదలిక ఎంత, ఓడ కదలిక ఎంత అని విడదీయడానికి దారే ఉండదు. తీరం మీద డాప్లర్ వద్దనడానికి నా కారణం ఇదే.

ఈ లెక్కకు ఒక చరిత్ర ఉంది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరినప్పుడు, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు దాని కూతలోని డాప్లర్ మార్పును మాత్రమే చూసి దాని కక్ష్యను లెక్కగట్టారు. నేల మీద ఉన్న చోటు తెలిసి కక్ష్య కనుక్కోగలిగితే, కక్ష్య తెలిసి నేల మీద చోటు కనుక్కోవచ్చు కదా అని 1958లో అక్కడి ఫ్రాంక్ మెక్‌క్లూర్ దాన్ని తిరగవేశారు. అందులో నుంచి పుట్టిన ట్రాన్సిట్ ఉపగ్రహ వ్యవస్థ 1996 చివరి వరకు ఓడలకు దారి చూపింది.

ట్రాన్సిట్ రిసీవరు మా ఓడ చార్టు గదిలో ఉండేది. ఒక ఉపగ్రహం దాటిపోయాక ఇంకొకటి వచ్చేదాకా గంటో గంటన్నరో ఎదురుచూడాలి. వచ్చినప్పుడు పది పదిహేను నిమిషాల పాటు దాని డాప్లర్‌ను లెక్కపెట్టుకొని ఒక చోటు చెప్పేది. ఆ పది నిమిషాలలో మా ఓడ ఏ దిశగా, ఎంత వేగంతో పోయిందో దానికి మేము చెప్పాలి. వేగం ఒక్క నాట్ తప్పుగా ఇస్తే అది చెప్పే చోటు సుమారు 0.2 నాటికల్ మైళ్ళు, అంటే 400 మీటర్లకు దగ్గరగా పక్కకు పోయేది. ఒక రాత్రి ఎదురు ప్రవాహంలో పోతూ నీటిలో ఓడ వేగాన్ని కొలిచే లాగ్ చూపిన వేగాన్నే ఇచ్చి, తెల్లవారి నక్షత్రాలతో సరిచూసుకున్నప్పుడు ఈ తేడా నాకు మొదటిసారి కళ్ళారా కనిపించింది. ఉపగ్రహం సరిగానే ఉంది, లెక్క సరిగానే ఉంది, మా కదలిక గురించి మేము చెప్పిన మాటే తప్పు. కదిలే రిసీవరుతో పనిచేసే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. అవతలి ఓడ చోటును మీరు ఎంత కచ్చితంగా చెప్పగలరన్నది ప్రతి క్షణం మీ చోటు, మీ వేగం, మీ గడియారం మీకు ఎంత కచ్చితంగా తెలుసన్న దానికి కట్టుబడి ఉంటుంది. యాంటెన్నా మీద, సాఫ్ట్‌వేరు మీద పెట్టే శ్రద్ధలో సగం దీని మీద పెడితే ఫలితాలు మారిపోతాయి.

ప్రాణాలు కాపాడే పనిలో ఈ పద్ధతి 1982 నుంచి ఉంది. ఆపద సంకేతాలను వినే కోస్పాస్-సార్సాట్ వ్యవస్థలోని మొదటి ఉపగ్రహం ఆ ఏడాది జూన్‌లో ఎగిరింది. సెప్టెంబరులోనే కెనడాలో కూలిన ఒక చిన్న విమానంలోని ముగ్గురిని దాని సాయంతో కనిపెట్టారు. ఇప్పటి 406 మెగాహెర్ట్జ్ బీకన్ 50 సెకన్లకు ఒకసారి, అర సెకను పాటు, 5 వాట్ల శక్తితో మాట్లాడుతుంది. తక్కువ ఎత్తులో తిరిగే ఒక్క ఉపగ్రహం దాన్ని విని డాప్లర్ గీతతో సుమారు 5 కిలోమీటర్ల లోపు చోటు చెబుతుంది. అయితే ఆ గీత ఒక్కటే చూస్తే దారికి ఎడమ పక్కన ఒక చోటు, కుడి పక్కన ఒక చోటు, రెండూ సరిపోతాయి. వాటిలో అసలుది ఏదో తేల్చడానికి భూభ్రమణం సాయం చేస్తుంది. మన అక్షాంశంలో నేల సెకనుకు 440 మీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నది కనుక రెండు పక్కల గీతలకు కొద్దిపాటి తేడా ఉంటుంది. అది చాలకపోతే తరువాతి ఉపగ్రహం కోసం ఆగాలి. మన దేశానికి వచ్చే ఈ హెచ్చరికలు బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరి అక్కడి నుంచి తీర రక్షక దళానికి వెళతాయి.

రెండు మూడు ఉపగ్రహాలు కలిసి పోతే నిమిషాల కొద్దీ గీత గీయవలసిన పని లేదు. ఒకే సంకేతం రెండింటికీ చేరిన సమయాల తేడా సముద్రం మీద అతిపరావలయం అనే ఒక వంకర గీతను గీస్తుంది. అవి విన్న ఫ్రీక్వెన్సీల తేడా మరో వంకర గీతను గీస్తుంది. ఓడ సముద్ర మట్టం మీదే ఉంటుందన్నది ముందే తెలిసిన విషయం కనుక ఆ రెండు గీతలు కలిసే చోట ఓడ ఉంటుంది. మూడో ఉపగ్రహం ఉంటే మిగిలిన సందిగ్ధం కూడా పోతుంది. 2018 డిసెంబరులో హాక్‌ఐ 360 అనే అమెరికన్ సంస్థ మూడు ఉపగ్రహాలను గుంపుగా పంపింది ఈ పని కోసమే. ఫ్రాన్స్‌కు చెందిన అన్‌సీన్‌ల్యాబ్స్ 2019లో ఒంటరి ఉపగ్రహంతో ఈ పని మొదలుపెట్టింది.

ఏఐఎస్ ఆపేసిన ఓడ సంగతి ఇక్కడ తేలుతుంది. ఏఐఎస్ అంటే ఓడ తానే చెప్పుకునే చోటు. దాన్ని ఆపేయవచ్చు, అబద్ధం కూడా చెప్పించవచ్చు. కాని చీకట్లో, రద్దీ దారిలో రాడారు ఆపుకొని పోయే నావికుడు ఉండడు. 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ రాడారు పుంజం ఉపగ్రహాన్ని తాకిన ప్రతిసారీ దాని జాడ బయటపడుతుంది. సంకేతంలో ఏమి రాసి ఉన్నదో చదవనవసరం లేకుండా, అది ఎక్కడ నుంచి వచ్చిందన్నది మాత్రమే కొలుస్తారు కనుక ఓడ చెప్పిన చోటుకూ సంకేతం వచ్చిన చోటుకూ తేడా ఉంటే అబద్ధం అక్కడే పట్టుబడుతుంది.

మీ రెండు బండ్లకు సమయాల తేడా పద్ధతి పనికివస్తుందా అంటే, బండ్లు ఆపి ఉంచితే, ఓడ ఉన్న ఒక గీతను చెప్పేంతవరకు పనికివస్తుంది. ఒక మైక్రోసెకను తప్పు 300 మీటర్ల తప్పు. రెండు రిసీవర్లకూ జీపీఎస్ నుంచి ప్రతి సెకనుకూ వచ్చే సమయపు గురుతును కలపకుండా ఈ ప్రయత్నం చేయవద్దు. ల్యాప్‌టాప్ గడియారాన్ని నమ్మితే తప్పు వందల కిలోమీటర్లలో ఉంటుంది. పైగా వీహెచ్ఎఫ్ మాట, ఏఐఎస్ రెండూ సన్నని చానళ్ళు కనుక సంకేతం బలంగా ఉంటే తప్ప మైక్రోసెకను దాకా కొలవడం కష్టం. దీనికన్నా సులువైనది, నాకు ఇష్టమైనది కూడా, యాంటెన్నాను కదిలించే ఉపాయం. నాలుగు యాంటెన్నాలను చదరంగా నిలిపి, ఒకదాని తరువాత ఒకదాన్ని సెకనుకు 500 చుట్లు వచ్చేలా స్విచ్చుతో మారుస్తూ పోతే, పావు మీటరు వ్యాసార్ధంలో ఒక యాంటెన్నా సెకనుకు 780 మీటర్ల వేగంతో తిరుగుతున్నట్టు లెక్క. అప్పుడు డాప్లర్ 400 హెర్ట్జ్‌లు వస్తుంది. అది ఏ వైపు పెరిగి ఏ వైపు తగ్గిందో చూస్తే దిశ తెలిసిపోతుంది. బండి ఆగి ఉండగానే ఉపగ్రహపు విద్యలో కొంత మీ చేతికి వస్తుంది.

మీ నాన్నగారి గురించి ఒక మాట. ఈ పద్ధతులన్నిటికీ అవతల ఏదో ఒకటి మోగుతూ ఉండాలి. మన తీరపు ఫైబరు బోటులో రాడారు ఉండదు. ఇంజను ఆగి, సెట్టు తడిసి, మౌనంగా కొట్టుకుపోతున్న బోటును ఏ ఉపగ్రహం రేడియోతో కనిపెట్టలేదు. కనుక కనిపెట్టేవాళ్ళ తెలివి మీద భారం వేయకుండా బోటులోనే మోగే పరికరం ఉండాలి. మత్స్యకారుల కోసం ఇస్రో చేసిన ఆపద సంకేత పరికరాలు, ఇటీవల కేంద్ర ప్రభుత్వం లక్ష బోట్లకు ఇవ్వతలపెట్టిన ట్రాన్స్‌పాండర్లు తమ చోటును తామే ఉపగ్రహానికి చెబుతాయి. మీ బోటుకు అర్హత ఉందేమో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, తప్పక పెట్టించండి. గుజరాత్ వేటకు వెళ్ళి 2018లో సముద్ర సరిహద్దు దగ్గర పాకిస్తాన్‌కు చిక్కిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు 2020 జనవరిలో గాని వాఘా మీదుగా ఇంటికి రాలేదు. నీళ్ళ మీద గీత కనిపించదు. తన చోటు తనకు తెలియడం, ఒడ్డుకు తెలియడం, రెండూ అవసరమే.

ప్రయోగం మొదలుపెట్టే ముందు అమెచ్యూర్ రేడియో లైసెన్సు తీసుకోండి. తీరం మీద యాంటెన్నాలతో తిరిగేటప్పుడు ముందుగా మెరైన్ పోలీసులకు చెప్పండి. మొదట ఓడల జోలికి పోకుండా మీ డాబా మీద కూర్చొని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పంపే 145.8 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల అమెచ్యూర్ సంకేతాన్ని రికార్డు చేయండి. పది నిమిషాలలో అది దాదాపు 7 కిలోహెర్ట్జ్‌లు కిందికి జారుతుంది. కక్ష్య వివరాలు అందరికీ దొరుకుతాయి కనుక ఆ గీత నుంచి మీ డాబా ఎక్కడుందో లెక్కగట్టండి. అదే లెక్కను తిరగవేస్తే ఉపగ్రహం ఓడను కనిపెట్టే లెక్క అవుతుంది. వచ్చిన చోటు కేంద్రం పోయిన దారి వెంబడి ముందుకో వెనక్కో జరిగి ఉంటే మీ గడియారాన్ని చూడండి. ఒక్క సెకను తేడాకు ఏడు కిలోమీటర్లకు పైగా పోతుంది. దారికి అడ్డంగా జరిగి ఉంటే రిసీవరు స్ఫటికం వేడికి జారిందేమో చూడండి, అరగంట ముందే ఆన్ చేసి నీడలో పెట్టి మళ్ళీ రికార్డు చేయండి. ఆ రెండు రికార్డింగులు, వచ్చిన తేడాలు ఇక్కడ పెడితే లెక్క ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం.